ఫ్లై ఫిషింగ్ ఫ్లైలు, పాత సామాన్ల చరిత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంటికొచ్చిన వాళ్ళందరి కళ్ళూ ముందు ఆ మూల టేబుల్ మీదకే వెళ్తాయి. దాని మీద గాలపు కొక్కేన్ని బిగించి పట్టే ఒక చిన్న వైసు, కోడిపుంజు మెడ ఈకలు, పట్టు దారం రీళ్ళు, తేనెమైనం ముద్ద ఉంటాయి. ఇవేంటి అని మొదలైన మాట గంటకి గానీ ఆగదు. ఇండియా నుంచి ఫోన్లలో, ఇక్కడ పెన్సిల్వేనియాలో కొత్తగా ఏటికి వస్తున్న మన కుర్రాళ్ళ నుంచి కూడా అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి, అందుకని అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు, వరసగా చదవక్కర్లేదు.

## ఏమీ తెలియనప్పుడు వచ్చే సందేహాలు

ఫ్లై అంటే నిజం ఈగని గుచ్చుతారా?

కాదండీ. గాలపు కొక్కేనికి ఈకలు, బొచ్చు, దారం చుట్టి పురుగులా కనబడేట్టు చేసిన దొంగ ఎరని ఫ్లై అంటారు. ట్రౌట్ అనే చేప చల్లటి ఏళ్ళలో ఉంటుంది, దాని తిండిలో పెద్ద భాగం నీళ్ళలో పుట్టే పురుగులే. అందులో ముఖ్యమైంది మేఫ్లై. మన దగ్గర తొలకరి వానకి లైటు చుట్టూ ఉసిళ్ళు మూగుతాయి కదా, మేఫ్లైలు కూడా అలాగే ఒక్కసారిగా గుంపులుగా లేస్తాయి, కాకపోతే ఉసిళ్ళు మట్టిలోంచి వస్తే ఇవి నీళ్ళలోంచి వస్తాయి. ఏడాదో రెండేళ్ళో ఏటి అడుగున రాళ్ళ మధ్య పెరిగి, రెక్కలొచ్చాక ఒకటి రెండు రోజుల్లో గుడ్లు పెట్టి చచ్చిపోతాయి. ఆ కాసేపు చేప మిగతా తిండి వదిలేసి వీటి వెంటే పడుతుంది. ఫ్లై ఫిషింగ్ చరిత్ర మొత్తం ఆ కాసేపటిని పట్టుకోడానికి మనుషులు చేసిన ప్రయత్నమే అని నాకనిపిస్తుంది.

వానపాము గుచ్చి వేస్తే పడే చేపకి ఇంత తతంగం ఎందుకు?

వానపాముతో పడుతుంది, కాదనను. మా ఊరి చెరువు గట్టున నేను పట్టిన మొదటి చేప దానికే పడింది. కానీ పైన తేలే చిన్న పురుగుల్ని తింటున్న చేపకి వానపాము చూపిస్తే చాలాసార్లు పట్టించుకోదు, అప్పుడు ఆ పురుగు లాంటిదే కావాలి. ఇక్కడ చిక్కేంటంటే ఈకతో కట్టిన ఫ్లైకి బరువే ఉండదు, గాలం వేసినట్టు విసిరితే అడుగు దూరం కూడా పోదు. అందుకని బరువు ఎరలో కాకుండా దారంలో పెట్టారు. లావుపాటి లైనుని కొరడాలాగా వెనక్కీ ముందుకీ ఆడిస్తే అది వంపు తిరుగుతూ సాగి చివరన ఉన్న ఫ్లైని నీళ్ళ మీద మెల్లగా దించుతుంది. రాడ్డు (గాలం కర్ర) పొడవు, లైను లావు, లైను చుట్టి పెట్టే రీలు ఆకారం అన్నీ ఈ ఒక్క అవసరం చుట్టూ పుట్టినవే.

ఇది ఇంగ్లీషు దొరలు కనిపెట్టిందే కదా?

చాలామంది అలాగే అనుకుంటారు, కానీ అంతకంటే చాలా పాతది. దాదాపు 1800 ఏళ్ళ కింద ఈలియన్ అనే రోమన్ రచయిత జంతువుల గురించి గ్రీకులో ఒక పెద్ద పుస్తకం రాశాడు, అందులో మాసిడోనియావాళ్ళ చేపల వేట గురించి ఉంది. బెరోయా, థెస్సలొనీకి ఊళ్ళ మధ్య పారే అస్ట్రేయస్ అనే ఏట్లో మచ్చల చేపలుంటాయట, అవి నీళ్ళ మీద వాలే ఒక పురుగుని తింటాయట. నిజం పురుగుని చేత్తో ముట్టుకుంటే రంగు పోతుంది, రెక్కలు ఊడతాయి, అందుకని అక్కడివాళ్ళు కొక్కేనికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడ కింద పెరిగే మైనం రంగు ఈకలు రెండు కట్టేవారట. రాడ్డు ఆరడుగులు, దారం ఆరడుగులు. ఎర్ర ఉన్ని, పుంజు ఈక, ఇవే రెండూ ఇవాళ నా టేబుల్ మీద కూడా ఉన్నాయి.

జపాన్ కొండల్లో కూడా వేరేగా ఇలాంటి పద్ధతే పెరిగింది, దాన్ని టెంకర అంటారు, అక్కడి ఫ్లైని కెబరి అంటారు. కాబట్టి ఇది ఏ ఒక్కళ్ళదీ కాదు. ఇంగ్లండ్‌వాళ్ళు చేసిన పెద్ద పనేంటంటే రాసి పెట్టడం.

దీని మీద ఇంగ్లీషులో మొదటి పుస్తకం ఒక సన్యాసిని రాసిందంటారు, నిజమేనా?

పుస్తకం నిజం, సన్యాసిని సంగతికి రుజువు లేదు. 1496లో లండన్ పక్కన వెస్ట్‌మిన్‌స్టర్‌లో వింకిన్ డి వర్డ్ అనే ప్రింటరు గాలం వేట మీద ఒక చిన్న గ్రంథం అచ్చేశాడు. దాన్ని రాసింది డేమ్ జూలియానా బెర్నర్స్ అనే మఠాధిపతి అని తరవాతి కాలంలో పేరు అంటించారు. ఎవరు రాసినా సరే అందులో 12 ఫ్లైల వర్ణన ఉంది, ఏ నెలలో ఏది వాడాలో, ఒళ్ళు ఏ రంగు ఉన్నితో చెయ్యాలో, రెక్కలు ఏ పిట్ట ఈకతో కట్టాలో. లైనుకి వాడే గుర్రపు వెంట్రుకలకి ఏ కాలంలో నీళ్ళ రంగుకి తగ్గట్టు ఏ రంగు అద్దాలో కూడా చెప్పారు. పంచాంగంలా నెలల వారీగా పురుగుల లెక్క అన్నమాట, నాకు ఆ ఆలోచనే చాలా ఇష్టం.

## ఫ్లైల గురించి కాస్త తెలిశాక

డ్రై ఫ్లై, వెట్ ఫ్లై, నింఫ్, వీటికి పెద్ద గొడవ జరిగిందట కదా, ఏంటది?

ముందు తేడా చెప్తా. నీళ్ళపైన తేలేది డ్రై, నీళ్ళలో మునిగేది వెట్, పురుగు రెక్కలు రాకముందు నీళ్ళ అడుగున ఉండే పిల్ల దశని పోలి కట్టేది నింఫ్. మొదట్లో దాదాపు అన్నీ వెట్ ఫ్లైలే, ఎందుకంటే గుర్రపు వెంట్రుకల లైనుకి ఎదురుగాలిలో ఫ్లైని ఆడించి ఆరబెట్టేంత బరువు లేదు. 19వ శతాబ్దం రెండో సగంలో నూనె పట్టించిన పట్టు లైన్లు, గట్టి వెదురు రాడ్లు, చెవి (దారం కట్టే చిన్న కన్నం) ఉన్న చిన్న కొక్కేలు దాదాపు ఒకే కాలంలో వచ్చాయి. అవి వచ్చాకే డ్రై ఫ్లై అందరి చేతికీ అందింది.

ఇంగ్లండ్‌లో హాంప్‌షైర్ జిల్లాలో టెస్ట్, ఇచెన్ అనే ఏళ్ళున్నాయి, సుద్దరాయి నేలలోంచి ఊరే నీళ్ళు, అద్దంలా ఉంటాయి. అక్కడ ఫ్రెడరిక్ హాల్‌ఫర్డ్ అనే ఆయన 1886లో తేలే ఫ్లైల మీద పుస్తకం వేశాడు. చేప పైకొచ్చి తినడం కళ్ళారా చూడాలి, దాని కింది వైపు నుంచి ప్రవాహానికి ఎదురుగా వెయ్యాలి, ఆ టైముకి అది తింటున్న పురుగు బొమ్మే వెయ్యాలి, ఇదీ ఆయన పద్ధతి. శిష్యులు దాన్ని శాసనం చేసేశారు, చాలా క్లబ్బుల నీళ్ళలో డ్రై ఫ్లై తప్ప ఇంకోటి వేస్తే తప్పు కింద లెక్క.

అదే ఇచెన్ మీద స్క్యూస్ అనే లండన్ లాయరు పట్టిన చేపల పొట్టలు కోసి చూశాడు. లోపల ఎక్కువ ఉన్నవి రెక్కలు రాని పురుగులే. మరి చేప నీళ్ళ కిందే తింటుంటే పైన తేలేది వెయ్యడం ఏం న్యాయం అని అడిగి 1910లో పుస్తకం రాశాడు. ఆ వాదన ఎంతకీ తెగక 1938లో ఫ్లైఫిషర్స్ క్లబ్‌లో దీని మీద చర్చ పెట్టారు, అప్పటికి స్క్యూస్‌కి 80 దగ్గర పడింది. ఆ ముసలాయన పక్షాన సభలో పెద్దగా ఎవరూ నిలబడలేదు. తరవాత ఏవన్ నది కాపలాదారు ఫ్రాంక్ సాయర్ దారం కూడా లేకుండా సన్నటి రాగి తీగ, ఫెజెంట్ పిట్ట తోక ఈక, ఈ రెండింటితోనే ఒక నింఫ్ కట్టాడు. రాగి తీగే దారం, అదే బరువు. ఇవాళ ప్రపంచంలో ట్రౌట్ ఉన్న చోటల్లా ఆ ఫ్లై ఉంది. హాల్‌ఫర్డ్ తప్పని నేననను, ఆయన చూసిన ఏరు అలాంటిది, కానీ ఒక ఏటి పద్ధతిని అన్ని ఏళ్ళకీ రూలు చెయ్యడం మాత్రం తప్పే.

అమెరికా డ్రై ఫ్లైలు ఇంగ్లండ్ వాటిలా ఉండవెందుకు?

ఏరు వేరు, పురుగులు వేరు కాబట్టి. న్యూయార్క్ రాష్ట్రంలో క్యాట్స్‌కిల్ కొండల్లో నెవర్‌సింక్ ఏటి ఒడ్డున థియొడోర్ గోర్డన్ అనే ఆయన ఉండేవాడు. క్షయ రోగి, ఒంటరి మనిషి, ఫ్లైలు కట్టి అమ్ముకుంటూ బతికాడు. 1890లో హాల్‌ఫర్డ్‌కి ఉత్తరం రాస్తే ఆయన తన ఫ్లైల నమూనాలు పంపాడు. అవి నిదానంగా పారే నీళ్ళకి కట్టినవి, గోర్డన్ ఏరేమో రాళ్ళ మీద దూకే ఏరు. అందుకని గట్టి ఈకలతో, నురుగు మీద కూడా నిలబడేట్టు, అక్కడి పురుగుల రంగులతో మార్చి కట్టాడు. క్విల్ గోర్డన్ అనే ఫ్లై ఆయనదే, ఒళ్ళు నెమలి ఈక పోగుని గీకి తీసిన సన్నటి కాడతో చేస్తారు, అది చుడితే పురుగు పొట్ట మీద గీతల్లా వస్తుంది. 1915లో పోయాడు. ఆయన వేటాడిన ఏటి భాగం చాలావరకు ఇప్పుడు న్యూయార్క్ సిటీ మంచినీళ్ళ రిజర్వాయరు అడుగున ఉంది. శ్రీశైలం ముంపులో ఊరు పోయినవాళ్ళు మన దగ్గర ఉన్నారు, వాళ్ళకి ఆ బాధ ఎలాంటిదో నేను చెప్పక్కర్లేదు.

ఫ్లైల పేర్లు ఇంత వింతగా ఎందుకుంటాయి, ఆడమ్స్ ఎవరు?

పేరు వెనక దాదాపు ప్రతిసారీ ఒక మనిషో ఊరో ఉంటారు. ఆడమ్స్ ఫ్లైని 1922లో మిషిగన్ రాష్ట్రం మేఫీల్డ్ ఊళ్ళో లెనర్డ్ హాలడే కట్టాడు, బోర్డ్‌మన్ ఏట్లో మొదట వేసి చూసి బాగా పడ్డాయని చెప్పిన స్నేహితుడు చార్లెస్ ఆడమ్స్ పేరు పెట్టాడు. గ్రీన్‌వెల్స్ గ్లోరీ అనేది 1854ది, విలియం గ్రీన్‌వెల్ అనే చర్చి పెద్ద ట్వీడ్ నది మీద చూసిన పురుగుని తెచ్చిస్తే జేమ్స్ రైట్ అనే పనివాడు కట్టిచ్చాడు. పేరు మాత్రం తెచ్చినాయనకే దక్కింది. రాయల్ కోచ్‌మన్ కథ వేరే, పాత కోచ్‌మన్ ఫ్లై ఒంటికి వాడే నెమలి పోగు చేప పళ్ళకి తొందరగా తెగిపోతోందని 1878లో న్యూయార్క్‌లో జాన్ హెయిలీ నడుముకి ఎర్ర పట్టు పట్టీ చుట్టాడు. బలం కోసం వేసింది అందం అయి కూర్చుంది.

అప్పట్లో ఒకే ఫ్లైకి ఊరికో పేరు ఉండేది, ఆర్డరు ఇచ్చినవాడికి ఒకటి కావాలి, చేతికొచ్చేది ఇంకోటి. వెర్మాంట్‌లో గాలం సామాన్లు చేసే ఆర్విస్ కంపెనీలో ఫ్లైలు కట్టే ఆడవాళ్ళ విభాగాన్ని నడిపిన మేరీ ఆర్విస్ మార్బరీ దేశమంతా ఉన్న వేటగాళ్ళ నుంచి ఉత్తరాలు తెప్పించి, రంగుల బొమ్మలతో 1892లో పెద్ద పుస్తకం వేసింది. పేర్లు ఒక దారికి రావడానికి ఆ పుస్తకం చాలా సాయం చేసింది.

సాల్మన్ ఫ్లైలు పెళ్ళికూతురి నగల్లా ఉంటాయి, చేపకి అన్ని రంగులు అవసరమా?

చేపకి అవసరం లేదు. అట్లాంటిక్ సాల్మన్ అనే చేప సముద్రంలో పెరిగి గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుతుంది, నదిలోకి వచ్చాక తిండి తినడం మానేస్తుంది. అయినా ఫ్లైని ఎందుకు నోట పట్టుకుంటుందో మీదో థియరీ నాదో థియరీ. తినని చేప కాబట్టి ఏ పురుగునీ పోలక్కర్లేదు, అందుకని కట్టేవాడి ఊహకి అడ్డే లేకుండా పోయింది. దానికి తోడు విక్టోరియా రాణి కాలంలో బ్రిటన్ రేవులకి ప్రపంచంలోని పిట్టల ఈకలన్నీ ఆడవాళ్ళ టోపీల కోసం వచ్చిపడేవి. మకావ్, టూకాన్, బస్టర్డ్, బంగారు ఫెజెంట్, అన్నీ ఒకే కొక్కెం మీదకి ఎక్కాయి. జాక్ స్కాట్ అనే పేరున్న ఫ్లైని ఒక దొర దగ్గర పనిచేసే జాక్ స్కాట్ నార్వేకి ఓడలో పోతూ కట్టాడని చెప్తారు. జార్జ్ కెల్సన్ 1895లో ఈ ఫ్లైల మీద వేసిన పుస్తకంలో ఏ ఈక ఎక్కడ ఎన్ని పోగులో కూడా లెక్క రాశాడు.

పనితనం మాత్రం అద్భుతం, వేరు వేరు రంగుల ఈక పోగుల్ని ఒకదానికొకటి అతికించి ఒకే ఈకలా చెయ్యడం చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. తరవాత మామూలు జింక తోక బొచ్చుతో కట్టినవి కూడా అంతే బాగా పట్టాయి, ఇప్పుడు నదిలో వేసేవి ఎక్కువ అవే. పాత రకాలు ఫ్రేముల్లోకి వెళ్ళాయి.

ఇందులో ఆడవాళ్ళు ఉన్నారా, అందరూ మగవాళ్ళ పేర్లే వినబడుతున్నాయి?

చాలామంది ఉన్నారు, పేర్లే బయటికి రాలేదు. వర్క్‌షాపుల్లో ఫ్లైలు కట్టిన చేతులు ఎక్కువ ఆడవాళ్ళవే. అమెరికాలో మెయిన్ రాష్ట్రం 1897లో వేటకి దారి చూపే గైడ్లకి లైసెన్సులు మొదలుపెట్టినప్పుడు మొదటిది తీసుకుంది కార్నీలియా క్రాస్బీ అనే ఆవిడ, అందరూ ఫ్లై రాడ్ క్రాస్బీ అనేవాళ్ళు.

నాకు బాగా ఇష్టమైన మనిషి మేగన్ బోయ్డ్. స్కాట్లండ్ ఉత్తరాన బ్రోరా దగ్గర సముద్రం పక్కన కరెంటు లేని చిన్న ఇంట్లో కూర్చుని దశాబ్దాల పాటు సాల్మన్ ఫ్లైలు కట్టింది, ఆర్డరు ఇచ్చి ఏళ్ళు ఆగేవాళ్ళు. తనెప్పుడూ చేపలు పట్టలేదు, పట్టాలని కూడా అనుకోలేదు. 1971లో బ్రిటిష్ ప్రభుత్వం పతకం ఇస్తే, ఆ రోజు కుక్కని చూసుకునేవాళ్ళు లేరని రాణి దగ్గరికి వెళ్ళలేదు. 2001లో పోయింది.

## ఈకలు, దారం, మైనం

జంగిల్ కాక్ అంటే మన అడవికోడేనా?

అవును, అదే. దక్షిణ భారతదేశపు అడవుల్లో ఉండే బూడిద రంగు అడవికోడి, మన శేషాచలం అడవుల్లో కూడా ఉంటుంది. దాని పుంజు మెడ మీది ఈకల చివర తెల్లగా, పసుపుగా మెరిసే చుక్క ఉంటుంది, ముట్టుకుంటే లక్క పూసినట్టు నున్నగా తగుల్తుంది. ఫ్లైకి తల పక్కన అది కడితే చిన్న చేపకి కన్ను పెట్టినట్టుంటుంది. పాత సాల్మన్ ఫ్లైలలో చాలావాటికి ఆ కన్ను ఉండాల్సిందే, అందుకని మన అడవుల్లో పట్టిన పుంజుల మెడ తోళ్ళు ఏళ్ళ తరబడి బ్రిటన్‌కి పోయాయి. ఇప్పుడు మన వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని వేటాడటం, ఈకలు అమ్మడం నేరం. బయటి దేశాల్లో దొరికేవి ఫారాల్లో పెంచిన పక్షులవి. ఊరికెళ్ళినప్పుడు అడవికోడి ఈకలు తెచ్చిపెట్టు అని నన్ను అడిగినవాళ్ళున్నారు, దయచేసి ఎవర్నీ అలా అడగకండి. ప్లాస్టిక్ కన్ను పెట్టినా చేప పడుతుంది.

ఇండియన్ క్రో అంటే మన కాకి ఈకనా?

కాదు. పేరులో ఇండియా ఉంది, కాకి ఉంది, రెండూ నిజం కాదు. అది దక్షిణ అమెరికా అడవుల్లో పండ్లు తినే ఒక పెద్ద పిట్ట, గొంతు మీద నారింజ ఎరుపు ఈకలు ముడతలు పడినట్టుంటాయి, ఫ్లైకి కట్టేది అవే. ఇలాంటి అరుదైన ఈకల మీద పిచ్చి ఎంత దూరం పోయిందంటే 2009 జూన్‌లో ఇంగ్లండ్‌లో ట్రింగ్ అనే ఊళ్ళో ఉన్న నేచురల్ హిస్టరీ మ్యూజియం పక్షుల విభాగంలోకి ఒక సంగీత విద్యార్థి రాత్రిపూట కిటికీ పగలగొట్టి దూరి 299 పక్షి తోళ్ళు సూట్‌కేసులో పట్టుకుపోయాడు. వాటిలో కొన్ని 19వ శతాబ్దంలో ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త సేకరించినవి. ఈకలు పీకి ఫ్లైలు కట్టేవాళ్ళకి అమ్మాడు. ఏ పిట్ట ఎక్కడ ఎప్పుడు దొరికిందో రాసిన చీటీలు చాలావాటికి ఊడిపోయాయి, చీటీ పోతే ఆ తోలు సైన్సుకి పనికిరాదు. ఈ కథ చదివినప్పుడల్లా నాకు కడుపు రగులుతుంది. ఇప్పుడు చాలామంది పెంపుడు కోళ్ళ, ఫెజెంట్ల ఈకలకి రంగు అద్ది అదే ఫ్లై కడుతున్నారు, కంటికి తేడా తెలియదు.

ఒక కోడి మెడ తోలుకి అంత ధరేంటి?

అది కూర కోసం పెంచిన కోడిది కాదు, ఈక కోసమే తరాల తరబడి జత కట్టించి పెంచిన పుంజుది. డ్రై ఫ్లై తేలాలంటే ఈక పొడవుగా, సన్నగా, పోగులు గట్టిగా, మెత్తటి నూగు లేకుండా ఉండాలి. 1960ల నుంచి అమెరికాలో కొందరు పట్టుబట్టి అలాంటి జాతులు తయారుచేశారు, ఇవాళ ఒక్క ఈకతో మూడు నాలుగు ఫ్లైలు కట్టొచ్చు. స్పెయిన్‌లో లెయోన్ కొండల్లో కూడా ఈ సంప్రదాయం ఉంది, అక్కడి పుంజుల ఈకల గురించి రాసిన 1624 నాటి రాతప్రతి ఒకటి ఉంది.

ఈకల రంగుకో పేరు ఉంటుంది, గ్రిజ్లీ, బ్యాడ్జర్, ఫర్నెస్, బ్లూ డన్ అని. ఇది మన గోదావరి జిల్లాలవాళ్ళకి చెప్పాల్సిన పనే లేదు, డేగ, కాకి, సేతువ, నెమలి అని పుంజుని చూడగానే ఈక రంగుతో పేరు పెట్టేస్తారు. బ్లూ డన్ అనే బూడిద రంగు పాతకాలంలో చాలా అరుదు, ఎందుకంటే రెండు బూడిద కోళ్ళని కలిపితే పిల్లల్లో సుమారు సగమే బూడిదవి పుడతాయి, మిగతావి నలుపు, మచ్చల తెలుపు. ఇంకో సంగతి, 2011లో అమెరికాలో అమ్మాయిలు జుట్టులో పొడవాటి గ్రిజ్లీ ఈకలు పెట్టుకోవడం ఫ్యాషనైపోయి షాపుల్లో హ్యాకిల్ (ఫ్లైకి చుట్టే పుంజు ఈక) దొరకలేదు, ఆ సీజనంతా మాలాంటి వాళ్ళం పాత స్టాకుతోనే నెట్టుకొచ్చాం.

దారానికి మైనం రాయడం ఎందుకు, రాయకపోతే ఏమవుతుంది?

పట్టు దారం జారుతుంది, మైనం రాస్తే కొక్కేనికి పట్టు దొరుకుతుంది, బొచ్చు అంటుకుంటుంది, నీళ్ళకి తొందరగా కుళ్ళదు. రంగు కూడా మారుతుంది. గ్రీన్‌వెల్స్ గ్లోరీకి పసుపు పట్టు దారం తీసుకుని చెప్పులు కుట్టేవాళ్ళ నల్ల మైనం రాస్తే అది ఆలివ్ ఆకుపచ్చకి తిరుగుతుంది, అసలు పురుగు రంగు అదే. ఇప్పటి నైలాన్, పాలియెస్టర్ దారాలు చాలావాటికి మైనం ముందే పూసి వస్తుంది.

## రాడ్డు, రీలు, లైను

ప్లాస్టిక్ రాకముందు లైను దేనితో చేసేవారు?

గుర్రపు తోక వెంట్రుకలతో. మగ గుర్రానివే కావాలనేవారు, ఆడ గుర్రం తోక మూత్రానికి తడిసి తడిసి బలం పోతుందని. వెంట్రుకల్ని కలిపి పేనేవారు, రాడ్డు దగ్గర ఎక్కువ వెంట్రుకలు, చివరికి వచ్చేసరికి తక్కువ, అలా లైను దానంతటదే కొసకి సన్నబడేది. ఇప్పటి లైన్లు కొసకి సన్నబడేది కూడా ఆ లెక్కనే. తరవాత పట్టు కలిపారు, ఆ తరవాత అచ్చంగా పట్టుతో అల్లి అవిసె నూనె పట్టించి రుద్ది రుద్ది తయారుచేసేవారు. పట్టు లైను తేలాలంటే కొవ్వు రాయాలి, సాయంత్రం ఇంటికొచ్చాక రీలులోంచి మొత్తం తీసి ఆరబెట్టాలి, లేకపోతే కుళ్ళిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధం తరవాత నైలాన్, 1950ల నుంచి దారం మీద ప్లాస్టిక్ పూత వేసిన లైన్లు వచ్చాక ఆ చాకిరీ పోయింది.

పాత పుస్తకాల్లో గట్ అంటారు, అది పేగా?

పేరు అలా ఉంది గానీ పేగు కాదు, పట్టుపురుగు లోపలి పట్టు గ్రంథి. హిందూపురం వైపు పట్టుపురుగులు పెంచేవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. పురుగు బాగా ఎదిగి ఇక గూడు అల్లబోతోందనగా దాన్ని వెనిగర్‌లో వేసి చంపి, లోపలి గ్రంథిని బయటికి తీసి రెండు చేతులతో లాగితే ఒకే పోగుగా సాగి గట్టిపడుతుంది. స్పెయిన్‌లో ముర్సియా దీనికి పేరుపడిన చోటు. పోగు పొడవు అడుగున్నర లోపే, కాబట్టి ముక్కలు ముడేసి లీడర్ (లైనుకీ ఫ్లైకీ మధ్య కట్టే సన్నటి పోగు) చేసేవారు. ఎండితే పుటుక్కున విరుగుతుంది, అందుకని వేటకి ముందు తడి గుడ్డల మధ్య పెట్టి నానబెట్టేవారు. 1938లో డుపాంట్ కంపెనీ నైలాన్‌ని బయటపెట్టింది, యుద్ధం అయ్యాక కొన్నేళ్ళలోనే గట్ మాయమైపోయింది.

వెదురు రాడ్లంటే మన వెదురేనా?

మొదట్లో మన దేశానిదే. అమెరికాలో 1840ల్లో పెన్సిల్వేనియాలోని ఈస్టన్ ఊళ్ళో శామ్యూల్ ఫిలిప్ అనే తుపాకులు చేసే పనివాడు వెదురుని చీల్చి బద్దలు అతికి రాడ్డు భాగాలు చేశాడు. తరవాత మెయిన్ రాష్ట్రంలో హైరమ్ లెనర్డ్ ఆరు బద్దల పద్ధతిని స్థిరపరిచాడు. ఒక్కో బద్దని మూడు పలకలుగా చెక్కి ఆరింటిని అతికితే ఆరు పలకల కడ్డీ వస్తుంది, వెదురులో బలమంతా పై పొర నారలోనే ఉంటుంది కాబట్టి ఆ పొర చుట్టూ బయటికి వచ్చేట్టు పెడతారు. అప్పట్లో వాడింది కలకత్తా రేవు నుంచి వచ్చే వెదురు, దాన్ని కలకత్తా కేన్ అనేవారు, దాని మీద కాల్చిన మచ్చలుండేవి. 20వ శతాబ్దం మొదట్లో చైనా గ్వాంగ్‌డాంగ్ నుంచి టాంకిన్ కేన్ వచ్చింది, గణుపులు దూరంగా, నార దట్టంగా ఉండటంతో మనది పక్కకి పోయింది.

1950లో కొరియా యుద్ధమప్పుడు అమెరికా చైనా సరుకుని ఆపేసింది, వెదురు దొరకలేదు. అప్పటికే వస్తున్న ఫైబర్‌గ్లాస్ రాడ్లకి అది కలిసొచ్చింది. 1970ల మొదట్లో కార్బన్ ఫైబర్ రాడ్లు వచ్చాయి, బరువు సగానికి సగం తగ్గింది. అయినా వెదురు రాడ్లు చేతితో చేసేవాళ్ళు ఇంకా ఉన్నారు, ఒకసారి పట్టుకుని విసిరి చూడండి, రాడ్డు మన చేతి టైముకి కాకుండా దాని టైముకి నడుస్తుంది.

5 వెయిట్ అంటే ఐదు ఏంటి? కిలోలా?

కాదు, అది వరస నంబరు. లైను ముందు భాగం 30 అడుగులు తూస్తే ఎంత బరువో దాన్ని బట్టి నంబరు ఇస్తారు, 5కి 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు. పట్టు లైన్ల కాలంలో లావుని బట్టి అక్షరాలు ఉండేవి, అన్నీ పట్టే కాబట్టి లావు తెలిస్తే బరువు తెలిసిపోయేది. నైలాన్, ప్లాస్టిక్ వచ్చాక ఒకే లావు లైన్లు రెండు వేరు వేరు బరువులు తూగుతుంటే అక్షరాలు పనికిరాలేదు, అందుకే 1960ల మొదట్లో బరువు లెక్కకి మారారు.

రీలు ఇంత సాదాగా ఎందుకుంటుంది, గేర్లు లేవేంటి?

ఫ్లై రీలు పని ముఖ్యంగా లైను దాచుకోవడమే, చేపని చాలాసార్లు చేత్తో లైను లాగే తెస్తారు. చైనాలో 1195 ప్రాంతంలో మా యువాన్ అనే చిత్రకారుడు వేసిన చిత్రంలోనే రీలున్న గాలం కనబడుతుంది, యూరప్‌లో 17వ శతాబ్దం దాకా దాని ఊసు లేదు. 1874లో చార్లెస్ ఆర్విస్ పక్కలకి చిల్లులు పెట్టిన సన్నటి రీలుకి పేటెంట్ తీసుకున్నాడు, బరువు తగ్గింది, లోపల పట్టు లైనుకి గాలి తగిలి ఆరేది. ఇంగ్లండ్‌లో ఆల్న్‌విక్ ఊరి హార్డీ అన్నదమ్ములు 1891లో తెచ్చిన పర్ఫెక్ట్ రీలు ఇప్పటికీ వాడేవాళ్ళున్నారు. దాని టకటక శబ్దం కోసం కొనేవాళ్ళని నేను చూశాను.

స్పే కాస్టింగ్ అంటే ఏంటి?

స్కాట్లండ్‌లో స్పే అనే నది ఉంది, వెనక గట్టు, చెట్లు ఒత్తుగా ఉండి లైనుని వెనక్కి ఆడించే చోటు ఉండదు. అందుకని లైనుని వెనక్కి పూర్తిగా విసరకుండా నీళ్ళ మీదే ఆనించి తిప్పి ముందుకి పంపే పద్ధతి అక్కడ పుట్టింది. రెండు చేతుల పొడవాటి రాడ్డు కావాలి.

## మన దేశంలో, మన ఇళ్ళల్లో

ఇండియాలో ట్రౌట్ ఉందా, ఎలా వచ్చింది?

ఉంది, కానీ మనది కాదు. ఇంగ్లీషువాళ్ళు ఓడల్లో గుడ్లు తెప్పించారు, వేడికి గుడ్లు చెడిపోయి మొదటి ప్రయత్నాలు పాడయ్యాయి. కాశ్మీరులో 1900 ప్రాంతంలో నిలదొక్కుకుంది, హిమాచల్‌లో కులూ వైపు 1909లో తెచ్చారు. మనకి దగ్గర నీలగిరులు, అక్కడ అవలాంచిలో 1907లో పొదుగుడు కేంద్రం పెట్టారు. ఇప్పుడు హిమాచల్‌లో తీర్థన్ లోయకి చాలామంది వెళ్తున్నారు, మత్స్యశాఖ పర్మిట్ తీసుకోవాలి, నవంబర్ నుంచి ఫిబ్రవరి చివరిదాకా ట్రౌట్ వేట బంద్.

తెలుగు రాష్ట్రాల్లో ఫ్లైతో చేప పడుతుందా?

ట్రౌట్ పడదు, మన నీళ్ళు దానికి వేడి. కొరమీను పడుతుంది. తెలంగాణ రాష్ట్ర చేప కూడా అదే. అది పురుగుని చప్పరించే రకం కాదు, కప్పని, చిన్న చేపని ఎగిరి పట్టే రకం, అందుకని బొచ్చుతో కప్పలా కట్టిన పెద్ద ఫ్లైని తామరాకుల అంచున టపటపలాడిస్తే వస్తుంది. పళ్ళు గట్టివి, లీడర్ లావుగా పెట్టుకోండి. పిల్లల గుంపుని కాపు కాస్తున్న తల్లిదండ్రులు కనబడితే వెయ్యకండి, అవి పోతే గుంపు మొత్తం పోతుంది. చెరువు ఎవరి పాటలో ఉందో ముందు ఊళ్ళో అడగండి.

పాత బంగళాలోనో సంతలోనో పాత రాడ్డు దొరికింది, ఏం చెయ్యాలి?

ముందు వంచి చూడకండి, చాలా రాడ్లు విరిగేది అక్కడే. రాడ్డు ముక్కల్ని కలిపే అతుకు బిగుసుకుపోతే మెలిపెట్టి లాగకండి, మెలిపెడితే అతుకు దగ్గర వెదురు చీలుతుంది. పలకలు లెక్కపెట్టండి, ఆరు పలకలుంటే బద్దలు అతికిన వెదురు, గుండ్రంగా ముదురు గోధుమ రంగులో బరువుగా ఉంటే గ్రీన్‌హార్ట్ అనే దక్షిణ అమెరికా చెక్క అయ్యుండొచ్చు. పిడి దగ్గర, రీలు అడుగున పేరు కోసం చూడండి. ఇత్తడిని మెరిసేలా తోమకండి, పాత రంగు పోతే విలువ పోతుంది. రీలులో జిడ్డుగా అంటుకుపోయిన లైను ఉంటే అది నూనె పట్టించిన పట్టు, గోరువెచ్చటి నీళ్ళు, మెత్తటి గుడ్డతో ఓపిగ్గా విప్పండి. ఫ్లైల డబ్బా కూడా ఉంటే కొక్కేనికి చెవి ఉందో లేదో చూడండి, చెవి లేకుండా గట్ పోగు నేరుగా కొక్కేనికి కట్టి ఉంటే అది పాత పద్ధతి, ఆ పోగుని లాగకండి, విరిగిపోతుంది. ఈకల్లో పురుగు పట్టినట్టుంటే డబ్బాని కవర్లో చుట్టి కొన్ని రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి, పురుగు చస్తుంది, ఈకకి ఏమీ కాదు.